మామిడి తోటలో పెరటికోళ్లు: పందికొక్కుల నివారణ

7.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు తోటలోనో పెరట్లోనో కనిపించిన బొరియ ఏ జంతువుదో గుర్తించగలుగుతారు. కోళ్లకూ గుడ్లకూ జరిగిన నష్టాన్ని చూసి దానికి కారణమైన జంతువును అంచనా వేయగలుగుతారు. కోళ్లు తిరిగే చోట ఏ నివారణ పద్ధతి వాడవచ్చో, ఏది వాడకూడదో కారణాలతో వివరించగలుగుతారు.

7.1 పరిచయం

ఏలూరు జిల్లాలోని నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలలో బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టరు తోటలు విస్తారంగా ఉన్నాయి. తోటలో కాపలా పాక, ఆ పాక చుట్టూ పది పదిహేను నాటుకోళ్లు ఉండడం ఇక్కడ సాధారణ దృశ్యం. కోళ్లు చెట్ల కింద మట్టిని కెలికి చెదలనూ, పండుఈగ కోశస్థ దశనూ తింటాయి. రాలిన కాయల్లో నుంచి పురుగులను ఏరుకుంటాయి. వాటి రెట్ట చెట్లకు ఎరువవుతుంది. తోటకూ కోడికీ ఇంత చక్కని పొత్తు కుదిరిన చోటే మూడో ప్రాణి కూడా వచ్చి చేరుతుంది. అదే పందికొక్కు.

నష్టం చిన్నదిగా కనబడుతుంది గాని, లెక్క వేసి చూడండి. నాటుకోడి 10 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పొదుగు కాలం 21 రోజులు. ఆ తరువాత పిల్లలను వెంటేసుకుని రెండు నెలలకు పైగా తిప్పుతుంది. ఈ కాలమంతా అది మళ్లీ గుడ్డు పెట్టదు. పిల్లలు రెండు వారాల వయసులో ఒక్కొక్కటిగా మాయమైపోతే పోయినవి పిల్లలు మాత్రమే కావు, ఆ కోడి ఏడాదిలో సుమారు నాలుగోవంతు కాలం వృథా అయినట్లు. పెరటికోళ్ల మీద వచ్చే డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి ఖర్చు. పిల్లల పుస్తకాలకూ, అత్యవసరంగా కావలసిన మందులకూ అదే ఆధారం. అందుకే నష్టం జరిగిన మర్నాడే విషం కొని తెచ్చే తొందర కనిపిస్తుంది. ఆ తొందరలోనే అసలు ప్రమాదం ఉంది.

7.2 పందికొక్కు ఎలాంటి జంతువు?

బొరియలు తవ్వే జంతువుల నివారణ గురించి అమెరికా పుస్తకాలలో చదివితే గ్రౌండ్‌హాగ్ అనే జంతువు తరచుగా ఎదురవుతుంది. అది ఉడుత కుటుంబానికి చెందినది, శాకాహారి. చలికాలమంతా బొరియలో శీతాకాల సుప్తావస్థలో గడుపుతుంది. కోళ్ల దొడ్డిలో అది చేసే హాని ప్రధానంగా తవ్వడం వల్లనే. కోడిపిల్లను తినే అలవాటు దానికి లేదు. ఆ పుస్తకాలలోని సలహాలను మన తోటలకు ఉన్నదున్నట్టు అన్వయించకూడదు. మన పందికొక్కు ఎలుక కుటుంబపు జీవి, సర్వభక్షకి. దానికి సుప్తావస్థ లేదు, ఏడాది పొడవునా తిరుగుతుంది.

ఒక చిన్న విశేషం. ఇంగ్లీషులో 'బాండికూట్' అనే మాట మన 'పందికొక్కు' నుంచే పుట్టింది. పందిలాంటి ఎలుక అని అర్థం. బెదిరితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుంది కాబట్టి ఆ పేరు. తరువాత ఆంగ్లేయులు ఆ పేరునే ఆస్ట్రేలియాలోని వేరే జంతువులకు కూడా పెట్టారు. అవి పొట్టసంచి గల క్షీరదాలు, వాటికీ మన పందికొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. పరీక్షలో ఈ రెంటినీ కలిపి రాసే విద్యార్థులు ప్రతి ఏటా ఉంటారు.

మన ప్రాంతంలో రెండు జాతులను గుర్తుంచుకోవాలి. పెద్ద పందికొక్కు, అంటే బాండికోటా ఇండికా, కిలో బరువు దాకా పెరుగుతుంది. చెరువు గట్లు, పశువుల పాకలు, పాత గోడల పునాదులు, గడ్డివాముల అడుగు దీని నివాసాలు. చిన్న పందికొక్కు, అంటే బాండికోటా బెంగాలెన్సిస్, వరి చేలలో ఎక్కువ. దాని బొరియ నోటి దగ్గర పొడిమట్టి కుప్పగా పోసి ఉంటుంది. చాలాసార్లు ఆ మట్టితోనే లోపలి నుంచి నోరు మూసేస్తుంది. లోపల వరి కంకులను దాచుకునే గదులు ఉంటాయి. చెరువుల కింద వరి కోతలు అయిపోగానే చేలో తిండి తగ్గుతుంది. అప్పుడు గట్ల మీదికీ, తోటల్లోకీ, ఇళ్ల దొడ్లలోకీ వలస వస్తుంది. సరిగ్గా సంక్రాంతి పుంజుల కోసం కోళ్లను మేపే రోజులవి. గూడు దగ్గర గింజలు ఎక్కువగా చల్లుతారు, కొక్కులకూ పండగే.

మామిడి కోతల కాలంలో రెండో విందు. రాలిన కాయలు, కుళ్లిన పండ్లు, తొక్కలు, టెంకలు తోట నిండా పడి ఉంటాయి. లేత అంట్ల మొదళ్ల దగ్గర తవ్వి వేళ్లు కొరికేయడం, డ్రిప్పు గొట్టాలను నమలడం కూడా ఇవే చేస్తాయి. ఎలుక జాతికి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయని మీరు మొదటి సంవత్సరంలో చదివారు. కొరకడం వాటికి తిండి కోసమే కాదు, పళ్లను అరగదీసుకోవడానికి కూడా.

7.3 నష్టం ఎవరు చేశారు?

బొరియ కనబడింది, గుడ్లు పోయాయి. అంతమాత్రాన కొక్కే తిన్నదని తీర్మానించకూడదు. ఆనవాళ్లను చదవాలి. గుడ్డు పెంకు కూడా మిగలకుండా మాయమైతే, తలుపు సందు సన్నగా ఉంటే నాగుపామును అనుమానించాలి. అది గుడ్డును మొత్తంగా మింగుతుంది. పెంకులు పగిలి పడి ఉండి, పెద్దకోడి మెడ దగ్గర కాటుతో చచ్చి ఉంటే ముంగిస కావచ్చు. రాత్రివేళ పైకప్పు సందులో నుంచి దిగి కోడిని ఎత్తుకుపోయేవి అడవిపిల్లి, మానుపిల్లి. మానుపిల్లి మామిడిపండ్లు కూడా తింటుంది కనుక మన తోటలకు తరచుగా వస్తుంది. పట్టపగలు బయట తిరిగే పిల్లలు పోతే గద్ద, కాకి, జెముడుకాకి వైపు చూడాలి.

పందికొక్కు పని ఇలా ఉంటుంది. గూటి నేల కిందుగా, లేదా గోడ మొదట్లో కొత్తమట్టి పైకి వస్తుంది. చెక్క మీద జంట పళ్ల గీతలు కనబడతాయి. దాణా సంచి అడుగున చిరుగుతుంది. రోజుల పిల్లలు రాత్రిపూట పోతాయి, ఈకలు, కాళ్లు బొరియ దారిలో దొరుకుతాయి. గోడ వెంబడి రోజూ నడిచిన నున్నని బాట, మీద రెట్టలు కనిపిస్తాయి. పెరిగిన కోడి జోలికి అది సాధారణంగా వెళ్లదు. పొదుగు మీద ఉన్న కోడి కింద నుంచి గుడ్లు లాగుతుంది.

ఇంకొక మాట. కొక్కు వదిలేసిన బొరియ ఖాళీగా ఉండదు. నాగుపాము, రక్తపింజర అందులో చేరతాయి. ఎలుక కోసం వచ్చిన పాము ఎలుక ఇంట్లోనే కాపురం పెడుతుంది. అందుకే ఏ బొరియలోనూ చెయ్యి పెట్టకూడదు. పిల్లలు సరదాకు కూడా పుల్లతో కెలకకుండా చూడాలి. ఆ మట్టిలో కొక్కు మూత్రం ద్వారా ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ కలిగించే బాక్టీరియా ఉండవచ్చు. వానల తరువాత బొరియలు తవ్వే వారికి కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

7.4 విషం ఎందుకు చివరి మార్గం?

మన వ్యవసాయ విస్తరణ సాహిత్యంలో ఎలుకల నివారణకు జింక్ ఫాస్ఫైడ్ ఎర ప్రసిద్ధం. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు మందు. ముందుగా రెండు రోజులు మందు లేని ఎర పెట్టి అలవాటు చేసి, ఆ తరువాత బొరియకు 10 గ్రాముల మందు ఎర పొట్లం లోపల పెట్టమంటారు. వరి చేను గట్టు మీద ఇది సరైన పద్ధతే. కోళ్ల దొడ్డిలో మాత్రం ఇది పనికిరాదు. కారణం రసాయనశాస్త్రంలోనే ఉంది. జింక్ ఫాస్ఫైడ్ జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. చంపేది ఆ వాయువు. కోడి జీర్ణాశయంలో కూడా ఆమ్లం ఉంది. పైగా మనం కలిపింది నూకలు, కోడికి అంతకన్నా ఇష్టమైనది లేదు. 10 గ్రాముల ఎరలో 200 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ కోళ్లకు అది చాలు. కొక్కు తన బొరియలో నుంచి మట్టితో పాటు పొట్లాన్ని బయటికి తోసేస్తుంది, తెల్లవారి కోళ్లు కెలుకుతాయి. దీనికి విరుగుడు మందు లేదు, మనిషికైనా అంతే.

మరొక లోపం ఉంది. కొంచెం తిని బతికిన కొక్కు ఆ రుచిని గుర్తుపెట్టుకుని మళ్లీ ముట్టదు. దీనినే ఎర వైముఖ్యం అంటారు.

బ్రోమాడయోలోన్ 0.005 శాతం ఎర వేరే విధంగా పనిచేస్తుంది. విటమిన్ కె పునర్వినియోగాన్ని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. కొక్కు కొన్ని రోజుల తరువాత చస్తుంది కాబట్టి ఎర మీద అనుమానం పుట్టదు. విటమిన్ కె1 విరుగుడుగా ఉంది, కనుక పొరపాటున తిన్న మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చితే చికిత్స ఉంటుంది. అయితే ఇది కొక్కు కాలేయంలో నిలిచి ఉంటుంది. ఆ కొక్కును తిన్న గుడ్లగూబకూ, కుక్కకూ, పిల్లికీ విషం చేరుతుంది. తప్పనిసరై వాడితే కోడి తల దూరని, తాళం వేసిన ఎర పెట్టెలో, గూటికి దూరంగా పెట్టాలి. చచ్చిన వాటిని రోజూ ఏరి లోతుగా పాతిపెట్టాలి. ఎర తిన్నదని అనుమానం ఉన్న కోడి మాంసం, గుడ్లు తినకూడదు, అమ్మకూడదు.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు సామాన్యులకు అమ్మడం మన దేశంలో నిషిద్ధం. పసుపు భాస్వరం ఉండే పేస్టు ఎలుకల మందు గురించి కూడా చెప్పాలి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికీ విరుగుడు లేదు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: కోళ్లూ పిల్లలూ ఉన్న ఇంట్లో, చూరులో దాచిపెట్టిన ఎలుకల మందు కొక్కు కంటే పెద్ద ప్రమాదం. మందు నిల్వ చేయవద్దు.

7.5 గూడు, దాణా, బోను

కోళ్లను కాపాడేది గూడే. కోడిగూడును నేల మీద నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున గుంజల మీద కట్టాలి. ప్రతి గుంజకూ నున్నని రేకు చుట్టితే కొక్కు ఎక్కలేదు. కోళ్ల వలగా వాడే షట్కోణపు సన్నతీగ కొక్కు పళ్లకు ఆగదు. అర అంగుళం కన్నాల వెల్డుమెష్ కావాలి. నేల మీద కట్టిన గూడైతే గోడ చుట్టూ అదే మెష్‌ను భూమిలో పాతి, అడుగున బయటివైపుకు అడుగున్నర వెడల్పున ఎల్ ఆకారంలో మడవాలి. కొక్కు గోడ మొదట్లో తవ్వడం మొదలుపెడుతుంది, మెష్ తగులుతుంది. వెనక్కు వెళ్లి దూరం నుంచి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. అందుకే ఈ మడత పనిచేస్తుంది.

గంప కింద కోళ్లను మూసే ఇళ్లలో గంప అడుగున నాపరాయి పలక వేస్తే చాలు, పెద్ద ఖర్చు లేదు. పొదుగు కోడిని మాత్రం నేల మీద కూర్చోబెట్టవద్దు. కుండలోనో బుట్టలోనో ఎత్తున కూర్చోబెట్టండి.

దాణా రాత్రి మిగలకూడదు. సాయంత్రం తినగలిగినంతే వేసి, మిగిలినది మూతగల రేకు డబ్బాలోకి ఎత్తాలి. రాలిన కాయలను రోజూ ఏరి గోతిలో పూడ్చాలి. పండుఈగ నివారణకు కూడా ఇదే పని చేయమంటారు, కాబట్టి ఒక శ్రమకు రెండు ఫలితాలు. గడ్డి, కట్టెలు, ఖాళీ ట్రేలు గూటికి ఆనించి పేర్చవద్దు. కొక్కుకు బహిరంగ స్థలం దాటడమంటే భయం.

ఉన్న కొక్కులను పట్టడానికి పెద్దసైజు బోను వాడాలి. కాల్చిన ఎండుకొబ్బరి, ఎండుచేప మంచి ఎరలు. కొత్త వస్తువంటే కొక్కు మూడు నాలుగు రోజులు దగ్గరికి రాదు. అందుచేత ఆ రోజుల్లో తలుపు తెరిచి కట్టేసి ఎర మాత్రం పెట్టాలి, తరువాత బిగించాలి. మొదటి రాత్రే పడలేదని బోనును అటక ఎక్కించే వారే ఎక్కువ.

తోటలో బొరియలు ఎక్కువగా ఉంటే పొగ యంత్రం ఉపయోగం. గడ్డి కాల్చిన పొగను బొరియలోకి రెండు మూడు నిమిషాలు ఊది, పొగ బయటికి వచ్చే మిగతా కన్నాలను మట్టితో మూయాలి. విషశేషం ఉండదు కనుక కోళ్లకు హాని లేదు. ఎండాకుల మీద నిప్పురవ్వ పడకుండా చుట్టూ ఊడ్చుకోవాలి. పాము బయటికి వచ్చే అవకాశం ఉంది, ఇద్దరు మనుషులు దూరంగా నిలబడి చేయాలి.

ఒక్క ఇంట్లో చేస్తే పక్కతోట కొక్కులు నెలలో వచ్చి ఆ ఖాళీని నింపుతాయి. నాలుగైదు తోటల వారు ఒకే వారంలో చేయాలి. డెల్టాలో నాట్లకు ముందు సామూహికంగా ఎలుకలను పట్టడం వెనక ఉన్న సూత్రం ఇదే.

7.6 ముంగిసను ఏం చేయాలి?

ముంగిస కోడిపిల్లను తింటుంది, పందికొక్కు పిల్లలనూ తింటుంది. దానిని చంపితే కొక్కులు పెరుగుతాయి. పైగా ముంగిస, జెర్రిపోతు, అడవిపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు, చంపడం, బోనులో పెట్టి అమ్మడం నేరం. చీకటి పడకముందే కోళ్లను మూయడం, గూడుకు మెష్ కట్టడం, ఈ రెండూ చేస్తే ముంగిసతో కలిసి బతకవచ్చు. మలేషియాలో ఆయిల్‌పామ్ తోటలవారు ఎలుకల కోసం తెల్ల గుడ్లగూబలకు గూటిపెట్టెలు కట్టిస్తారు. మనవారు దానిని అపశకునమని రాళ్లు వేసి తరుముతున్నారు.

7.7 క్షేత్రకార్యం

మీ ఊళ్లో కోళ్లు ఉన్న ఒక దొడ్డిని, యజమాని అనుమతితో ఎంచుకోండి. మొదటి రోజు సాయంత్రం కనబడిన బొరియలన్నిటి నోళ్లనూ పారతో, దూరంగా నిలబడి మట్టి లాగి మూయండి. మర్నాడు ఉదయం తిరిగి తెరుచుకున్నవెన్నో లెక్కించండి. నిజంగా జీవమున్న బొరియలు అవే, మిగతా వాటి మీద శ్రమ వృథా. ఆ దొడ్డి పటం గీసి కోడిగూడు, దాణా పెట్టే చోటు, గడ్డివాము, నీటి తొట్టి, రాలిన కాయల కుప్ప చూపించండి. ఒక్కొక్క బొరియ నుంచి వాటికి గల దూరం అడుగుల్లో రాయండి. ఇంటివారు ఇంతకుముందు ఏ మందు వాడారు, ఎక్కడ దాచారు, ఎన్ని కోళ్లు పోయాయి అన్నది అడిగి నమోదు చేయండి. పటాన్ని వచ్చే సంప్రదింపు తరగతికి తీసుకురండి.