క్యాన్సర్ ఎలా పాకుతుంది?

"ఆమెకు క్యాన్సర్ పాకిందట" అని అంటుంటారు. ఆ మాట వినగానే కొందరు భయపడతారు. ఆమెకు కంచం, గ్లాసు వేరుగా పెడతారు. పిల్లల్ని దగ్గరకు పోనివ్వరు. ఇది తప్పు. క్యాన్సర్ అంటురోగం కాదు. ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు. పాకడం అంటే ఆమె ఒంట్లోనే ఒకచోటు నుండి ఇంకోచోటుకు పోవడం.

అది ఎలా పోతుంది?

ఇటుకలతో ఇల్లు కట్టినట్టు మన ఒళ్లు కణాలతో తయారైంది. కణం కంటికి కనిపించదు. సూక్ష్మదర్శినిలో చూడాలి. కణంలో చిన్న చిన్న ఇంజన్లు ఉంటాయి. వాటి పేరు మైటోకాండ్రియా. మనం తిన్న తిండి నుండి, పీల్చిన గాలి నుండి అవి శక్తిని తీస్తాయి. ఆ శక్తి ఏ.టి.పి. అనే పదార్థంలో ఉంటుంది. 1929లో ఈ పదార్థాన్ని కనుగొన్న వారిలో మన తెలుగాయన ఉన్నారు. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి పరిశోధనలు చేశారు. ఆయన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ అనే మందును క్యాన్సర్ వైద్యంలో ఈనాటికీ వాడుతున్నారు.

ఇంజను అంచుకు జరిగితే

ఈపూరు చుట్టుపక్కల మిర్చి చేలకు నీళ్లు పెట్టాలంటే ఏం చేస్తాం? ఆయిల్ ఇంజనును పని ఉన్నచోటుకే తీసుకుపోతాం. క్యాన్సర్ కణం కూడా అదే చేస్తుంది. మామూలుగా ఈ ఇంజన్లు ఎక్కువగా కణం నడుమ ఉంటాయి. కణం లోపల సన్నని దారులు ఉంటాయి. వాటి వెంట ఇంజన్లు కదులుతాయి. క్యాన్సర్ కణం కొన్ని ఇంజన్లను తన అంచుకు చేర్చుకుంటుంది. అక్కడ శక్తి పుడుతుంది. ఆ బలంతో కణం ముందుకు పాకుతుంది. నెత్తురులో కలిస్తే ఊపిరితిత్తులకో, కాలేయానికో, ఎముకలకో చేరవచ్చు. అక్కడ కొత్త గడ్డ లేవవచ్చు.

ఇంజన్లను ఆపే పలుపు కూడా కణంలో ఉంది. దాని పేరు సింటాఫిలిన్. అది ఒక మాంసకృత్తు. గేదెను గుంజకు కట్టినట్టు ఇంజన్లను కట్టి ఉంచుతుంది. అది తగ్గితే ఇంజన్లు అంచుకు పోతాయి. కణం ఎక్కువగా పాకుతుంది. అమెరికాలోని విస్టార్ పరిశోధనా సంస్థ వారు 2016లో ఈ సంగతి చెప్పారు. ఇది తెలిస్తే పాకడాన్ని ఆపే దారి దొరకవచ్చని శాస్త్రవేత్తల ఆశ.

మనం ఏం చేయాలి?

పాకకముందే జబ్బును పట్టుకోవాలి. అప్పుడు వైద్యం తేలిక. బతికే అవకాశం ఎక్కువ.

రొమ్ములో గడ్డ చేతికి తగిలిందా? ముట్లు ఆగిపోయాక మళ్లీ నెత్తురు కనిపించిందా? నోట్లో పుండు మూడు వారాలైనా మానలేదా? దాచుకోవద్దు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని భయపడి పరీక్ష మానుకోవద్దు. ఆలస్యమే అసలు ప్రమాదం.

మీ ఊరి ఆశా కార్యకర్తకు గానీ, ఏ.ఎన్.ఎం.కు గానీ చెప్పండి. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ వైద్యం ఉంది. "మిర్చి కోతలు అయ్యాక చూద్దాంలే" అనుకోవద్దు. కోతలు మళ్లీ ఏడాది వస్తాయి.

జబ్బు వచ్చిన అక్కను దూరం పెట్టకండి. ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లండి.