చేయి ఊగని నడక

వేసవి సాయంత్రాల్లో నేపర్‌విల్‌లో డుపేజ్ నది ఒడ్డున ఉన్న రివర్‌వాక్ బాట మీద, పిల్లల దగ్గరకు హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వచ్చిన తల్లిదండ్రులు నడుస్తూ కనిపిస్తారు. వారిలో ఎవరికైనా ఒక చేయి మాత్రమే ఊగుతూ, రెండవది పక్కకు అతుక్కున్నట్టు ఉండిపోతే, ఆ సంగతి ఇంట్లోవారి కంటే ముందు దారినపోయే న్యూరాలజిస్టు కంట పడుతుంది. నెమ్మదిగా వచ్చే మార్పు రోజూ చూసే కళ్ళకు ఆనదు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని తొలిసారి సమగ్రంగా వర్ణించినప్పుడు ఆధారం చేసుకున్నది ఆరుగురిని. వారిలో కొందరిని ఆయన పరీక్షించనేలేదు. వీధిలో చూశాడు, అంతే.

కంపవాతం అన్న పాత పేరు వల్లనో ఏమో, వణుకు లేకపోతే ఈ జబ్బు కాదనుకునేవారు ఎక్కువ. నిజానికి పార్కిన్సన్ వ్యాధిని నిర్ధారించడానికి తప్పనిసరిగా ఉండవలసిన లక్షణం వణుకు కాదు, మందగమనం. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. అక్షరాలు రాసేకొద్దీ చిన్నవవుతాయి. గొంతు తగ్గిపోతుంది, ఫోనులో ‘కొంచెం గట్టిగా మాట్లాడు నాన్నా’ అనవలసి వస్తుంది. ముఖంలో భావాలు పలచబడతాయి. ఇవన్నీ ‘వయసు’ అన్న ఒక్క మాట కింద సర్దుకుపోతాయి. దీనికి తలకిందులైన పొరపాటు కూడా ఉంది. కాఫీ గ్లాసు ఎత్తినప్పుడు మాత్రమే చేయి వణికేవారిలో చాలామందికి ఉన్నది పార్కిన్సన్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే రుగ్మత. పార్కిన్సన్ వణుకు, చేయి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు కనిపించి, పనిలో పడగానే తగ్గేది.

ఈ రెండూ కాని మూడవది ఒకటుంది. రెండు దేశాల మధ్య తిరిగే కుటుంబాలు అన్నింటికన్నా ముందు తెలుసుకోవలసింది అదే: మందుల వల్ల వచ్చే పార్కిన్సనిజం. మెదడులో డోపమిన్ అనే రసాయనం అందుకునే గ్రాహకాలను కొన్ని మందులు మూసివేస్తాయి. డోపమిన్ ఉన్నా పని జరగదు; నడక, ముఖం, చేతులు అచ్చంగా పార్కిన్సన్ రోగిలాగే మారతాయి. మానసిక రోగాలకు వాడే మందులతో ఇలా జరుగుతుందని వైద్యులందరికీ తెలుసు. కానీ మన పెద్దవారి మందుల సంచీలో ఉండేవి వేరు. గ్యాసుకూ కడుపుబ్బరానికీ ఇచ్చే బిళ్ళల్లో పాంటోప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో కలిపి లెవోసల్పిరైడ్ ఉంటుంది. తల తిరుగుడుకు సిన్నరిజిన్, పార్శ్వపు నొప్పికి ఫ్లూనారిజిన్ ఇస్తారు. ఎప్పుడో పది రోజులకు రాసిన చీటీతో మందులషాపులో ఏళ్ళ తరబడి అవే కొనుక్కుంటూ ఉంటారు. ఈ మూడు మందులకూ అమెరికాలో అనుమతి లేదు. కనుక షికాగో పరిసరాల్లోని వైద్యుడికి వాటి పేర్లు పరిచయం లేకపోవచ్చు. ‘గ్యాసు బిళ్ళ’ అని చెబితే ఆయన యాంటాసిడ్ అనుకుంటాడు. మెటోక్లోప్రమైడ్ మాత్రం ఇక్కడా ఉంది, దాని పెట్టె మీద గట్టి హెచ్చరికతో.

ఇలా వచ్చిన పార్కిన్సనిజం, కారణమైన మందు ఆపితే, ఎక్కువమందిలో కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గిపోతుంది. కదలికల రుగ్మతల్లో ఇంత సులువుగా నయమయ్యేవి అరుదు. దాన్ని గుర్తించక, ఆ మందు అలాగే ఉంచి, దాని మీద పార్కిన్సన్ మందు చేర్చడం జరగరాని పని, కాని జరుగుతూనే ఉంటుంది. సందేహం ఉన్నచోట డాట్‌స్కాన్ అనే పరీక్ష సాయపడుతుంది. 2011లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతించిన ఈ స్కాన్, డోపమిన్ నాడీకణాల చివరలు ఎంతవరకు మిగిలి ఉన్నాయో చూపిస్తుంది. మందుల వల్ల వచ్చినదైతే చిత్రం మామూలుగా ఉంటుంది. మందు ఆపినా లక్షణాలు పోనివారు కొందరుంటారు. వారిలో అసలు వ్యాధి అప్పటికే లోపల మొదలై ఉంది, మందు దాన్ని ముందుగా బయటపెట్టింది. అయితే ఏ మందునైనా ఇంట్లో నిర్ణయించుకుని ఆపకూడదు. మానసిక వ్యాధికి వాడే మందు ఉన్నట్టుండి మానేస్తే మరో ప్రమాదం.

అసలు వ్యాధి సంగతి వేరు. మధ్యమెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతంలో డోపమిన్ తయారుచేసే నాడీకణాలు చనిపోతాయి. నడక మారేనాటికి వాటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది. అవి ఎందుకు చనిపోతాయన్న ప్రశ్నకు మొదటి గట్టి ఆధారం వలస వెళ్ళిన కుటుంబాల నుంచి దొరకడం ఈ పత్రిక పాఠకులకు ఆసక్తికరమే. దక్షిణ ఇటలీలోని కొంతుర్సి అనే ఊరి నుంచి అమెరికా చేరిన ఒక వంశంలో తరతరాలుగా పార్కిన్సన్ కనిపించడం న్యూజెర్సీలోని న్యూరాలజిస్టులు గమనించారు. ఇక్కడి వారినీ, ఊళ్ళో మిగిలినవారినీ కలిపి వంశవృక్షం గీశారు. 1997లో ఆ కుటుంబంలోని జన్యులోపం బయటపడింది. అది ఆల్ఫా సిన్యూక్లియిన్ అనే ప్రోటీనుకు సంబంధించిన జన్యువులో ఉంది. అలాంటి జన్యులోపం లేని సాధారణ రోగుల మెదళ్ళలో, శతాబ్దం పైగా లూయీ కణికలని పిలుస్తున్న ముద్దల్లో ఉన్నదీ ప్రధానంగా ఆ ప్రోటీనేనని అదే ఏడాది తేలింది.

తర్వాతి అడుగు నేపర్‌విల్‌కు ముప్ఫై మైళ్ళ దూరంలో పడింది. 1990లలో కొందరు పార్కిన్సన్ రోగుల మెదడులోకి పిండకణాలను మార్పిడి చేసి చూశారు. అలాంటి ఒక రోగి 14 ఏళ్ళ తరువాత మరణించినప్పుడు, షికాగో రష్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జెఫ్రీ కోర్డోవర్ బృందం ఆ మెదడును పరిశీలించింది. వయసు రీత్యా పదిహేనేళ్ళైనా నిండని ఆ మార్పిడి కణాల్లో కూడా లూయీ కణికల వంటివి కనిపించాయి. స్వీడన్ పరిశోధకులు కూడా 2008లోనే ఇదే విషయం ప్రకటించారు. ముసలితనమే కారణమైతే లేత కణాలకు ఈ జబ్బు రాకూడదు. వంకరపోయిన ప్రోటీను పక్క కణంలోకి చేరి, అక్కడి మంచి ప్రోటీనును కూడా తనలా వంచుతోందన్న ఊహ దీనితో బలపడింది. పాలలో పడిన తోడులాంటిదన్నమాట.

ఆ తోడు గుణాన్నే పరీక్షగా మార్చారు. నడుము దగ్గర సూదితో తీసిన వెన్నుద్రవాన్ని మంచి ప్రోటీనుతో కలుపుతారు. అందులో వంకరపోయిన విత్తనం లేశమాత్రం ఉన్నా మొత్తం తోడుకుంటుంది. మైకల్ జె. ఫాక్స్ ఫౌండేషన్ 2010 నుంచి నడుపుతున్న అధ్యయనంలో 1,123 మంది నమూనాలపై ఈ పరీక్ష చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. పార్కిన్సన్ ఉన్నవారిలో సుమారు 88 శాతం మందిలో అది వ్యాధిని పట్టింది. ఆరోగ్యవంతుల్లో సుమారు 96 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. వాసన తెలియని రోగుల్లో పట్టుదల ఇంకా ఎక్కువ. మరుసటి ఏడాది, చిన్న చర్మపు ముక్కల్లోని నాడుల్లో ఇదే ప్రోటీనును చూసే పరీక్షకు కూడా మంచి ఫలితాలు వచ్చాయి.

వాసన అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పోపు వాసన తెలియకపోవడం, ఏళ్ళనాటి మలబద్ధకం, నిద్రలో కల వచ్చి కేకలు వేస్తూ చేతులు కాళ్ళు విసరడం, ఇవి వణుకు కన్నా పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ముందే మొదలు కావచ్చు. మొదటి రెండింటికీ వేరే కారణాలు వంద ఉంటాయి; వాటిని చూసి బెంగపెట్టుకోనక్కరలేదు. మూడవది అలా కాదు. ఈ నిద్ర రుగ్మత ఉన్న 1,280 మందిని అనేక దేశాల్లో గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 12 ఏళ్ళలో సుమారు 73 శాతం మందికి పార్కిన్సన్ గానీ, దాని దాయాది జబ్బుల్లో ఒకటి గానీ, మతిమరుపు వ్యాధి గానీ వస్తాయి. పక్కన పడుకున్నవారికి దెబ్బలు తగులుతుంటే దాన్ని ‘పీడకల’ అని వదిలేయడం తగదు.

మరి లక్షణాలు లేనివారు ఈ పరీక్ష చేయించుకోవాలా? నేటికి అక్కరలేదు. వ్యాధిని ఆపే మందు లేనప్పుడు, ఎప్పుడు వస్తుందో చెప్పలేని జబ్బు ఒకటి ఉందని తెలుసుకోవడం వల్ల మిగిలేది భయమే. ఈ పరీక్ష విలువ ఇప్పుడు పరిశోధనశాలలో ఉంది: మందులు పరీక్షించడానికి సరైన మనుషులను ఎంచుకోవచ్చు. ఇంకొక చిక్కు. పై అంకెలు వచ్చినవారిలో అత్యధికులు తెల్లవారు. యూదుల్లో, ఉత్తరాఫ్రికావారిలో తరచుగా కనిపించే ఒక ప్రధాన జన్యులోపం భారతీయుల్లో బహు అరుదు. పశ్చిమాఫ్రికా మూలాలున్నవారిలో వ్యాధి అవకాశాన్ని పెంచే జన్యుభేదం ఒకటి 2023లో బయటపడింది. అన్నాళ్ళూ కనపడకపోవడానికి కారణం ఎవరూ అక్కడ వెతకకపోవడమే. మనవారు అసలు పరిశోధనల్లో లేరని కాదు. నేపర్‌విల్ ఫార్మసీలో నేడు దొరికే సాఫినమైడ్ బిళ్ళకు ఆధారమైన కీలక ప్రయోగాల్లో ఒకటి హైదరాబాదు నిమ్స్‌కు చెందిన రూపం బోర్గొహైన్ ప్రథమ రచయితగా 2014లో వెలువడింది. 669 మందిపై భారతదేశంలోనూ, ఐరోపాలోనూ చేసినదది. మందు పరీక్షించడానికి పనికొచ్చిన జనం, జబ్బు మూలాలు వెతకడానికి కూడా పనికిరావాలి.

జన్యువులు చెప్పేది కొంతే. మిగతాది నీటిలో, నేలలో వెతుకుతున్నారు. నేపర్‌విల్‌ను ఆనుకుని తూర్పున ఉన్న లైల్‌లో లాక్‌ఫార్మర్ అనే లోహయంత్రాల కర్మాగారం, జిడ్డు కడగడానికి ట్రైక్లోరోఎథిలీన్ వాడేది. అది నేలలోకి ఇంకి, చుట్టుపక్కల ఇళ్ళ బావుల్లో తేలింది. 2000ల తొలి ఏళ్ళలో దావాలు నడిచాయి. ఆ ఇళ్ళకు మిషిగన్ సరస్సు నీరు ఇప్పించారు. అప్పటి భయం క్యాన్సర్ గురించే. 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రశ్నను విస్తరించింది. నార్త్ కరొలైనాలోని కాంప్ లెజూన్ సైనిక స్థావరంలో ఇదే రసాయనం కలిసిన నీరు తాగినవారినీ, కలుషితం లేని కాలిఫోర్నియా స్థావరంలోనివారినీ పోల్చారు. మొత్తం మూడు లక్షల నలభై వేల మంది. వీరిలో 1975–85 మధ్య లెజూన్‌లో పనిచేసినవారికి దశాబ్దాల తరువాత పార్కిన్సన్ వచ్చే అవకాశం 70 శాతం ఎక్కువగా ఉంది. ఫలానా మనిషి జబ్బుకు ఫలానా బావి కారణమని దీనివల్ల రుజువు కాదు. పాతికేళ్ళ యువకుడు తాగిన నీరు అరవయ్యో ఏట నడకలో కనిపించవచ్చన్న సంగతి మాత్రం తోసిపుచ్చలేం. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈ రసాయనాన్ని నిషేధిస్తూ నిబంధన వెలువరించింది.

తెలుగు పల్లెల్లో దీనికి సాటి వచ్చేది పారాక్వాట్ అనే కలుపుమందు. అయోవా, నార్త్ కరొలైనా రైతులపై 2011లో వచ్చిన అధ్యయనంలో, అది వాడినవారికి పార్కిన్సన్ అవకాశం సుమారు రెండున్నర రెట్లుగా తేలింది. ఐరోపా సమాఖ్య 2007 నుంచి దాన్ని వాడనివ్వడం లేదు. భారత్‌లోనూ, అమెరికాలోనూ వాడుతూనే ఉన్నారు. చేతికి తొడుగు, మూతికి గుడ్డ లేకుండా ఏళ్ళ తరబడి మందు కొట్టిన రైతు నేడు కొడుకు దగ్గరకు వచ్చి న్యూరాలజిస్టు ముందు కూర్చుంటే, ఆయన చేసిన వృత్తి ఏమిటో కూడా చెప్పాలి.

వ్యాధిని నెమ్మదింపజేయాలన్న ప్రయత్నాల్లో ఓటములే ఎక్కువ. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు పరిశోధనల నుంచి ఆశ పుట్టించిన ఇస్రాడిపిన్ అనే రక్తపోటు మందు, 336 మందిపై మూడేళ్ళ ప్రయోగంలో ఏ మేలూ చూపలేదు. మధుమేహపు మందు ఎక్సెనటైడ్ 2025లో అలాగే విఫలమైంది. వాటి పక్కన వ్యాయామం మామూలుగా కనిపించినా, ఫలితం మెరుగు. నార్త్‌వెస్టర్న్ వారు కూడా పాల్గొన్న 2018 నాటి ప్రయోగంలో 128 మంది కొత్త రోగులు మూడు జట్లుగా చేరారు. గుండె వేగం గరిష్ఠంలో 80–85 శాతానికి చేరేలా వారానికి మూడు నాలుగు సార్లు ట్రెడ్‌మిల్ మీద నడిచినవారిలో ఆరు నెలలకు లక్షణాలు దాదాపు పెరగలేదు. మామూలుగా ఉన్నవారిలో మూడు పాయింట్ల మేర పెరిగాయి. చిన్న ప్రయోగమే, ఆరు నెలలదే. అయినా, భోజనమయ్యాక పెరట్లో నాలుగడుగులు వేయడం ఆ లెక్కలోకి రాదని గట్టిగా చెప్పవచ్చు.

లక్షణాలకు నేటికీ ఉత్తమమైన మందు లెవోడోపానే. ఇక్కడ ఇంటింటా జరిగే గందరగోళం అంకెలది. ఇండియాలో సిండోపా 110 అంటే 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 10 కార్బిడోపా. రెండూ కూడిన మొత్తం అది. సిండోపా ప్లస్ 125 అన్నదే అమెరికాలో 25/100 అని రాసే బిళ్ళ. 110కి బదులు 100 అని పక్కన పెట్టి పోల్చుకుంటే కార్బిడోపా తక్కువై వికారం పుడుతుంది. లెవోడోపా స్వయంగా అమైనో ఆమ్లం కనుక పప్పు, పెరుగు, మాంసంతో కలిసి వెళితే పేగుల్లో పోటీ పడి ఆలస్యమవుతుంది. భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మేలు. విమానంలో గడియారం మారినా బిళ్ళల మధ్య గంటలు మారకూడదు.

ఆ లెవోడోపా తెలుగు పొలాల కంచెల మీద అల్లుకునే దూలగొండి గింజల్లోనూ ఉంది. 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు. పార్కిన్సన్‌కు అది మందని ప్రపంచానికి తెలియడానికి ఇంకా ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. 2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగులపై చేసిన పరీక్షలో గింజల పొడి బిళ్ళ కంటే త్వరగా పనిచేసింది. కనుక దూలగొండిని నాటువైద్యమని కొట్టిపారేయడం సరికాదు. అది నిజంగా మందే, అసలు చిక్కు కూడా అదే. సీసాల్లో అమ్మే పొడిలో లెవోడోపా ఎంత ఉందో సీసాకూ సీసాకూ పొంతన ఉండదు. బిళ్ళలు వేసుకుంటున్న తండ్రికి కూతురు ప్రేమతో చెంచాడు పొడి పాలలో కలిపి ఇస్తే, మోతాదు పెరిగి అదుపులేని మెలికల కదలికలు వస్తాయి. వైద్యుడు బిళ్ళ తగ్గిస్తాడు. పొడి అయిపోయిన వారం ఆయన మంచం దిగలేడు.