మూగ పెట్టె వచ్చింది... మాస్టారికి హరికథ వినిపించింది

(మా గ్రామీణ విలేకరి)

సాయంత్రం ఆరయిందంటే ఆ వీధిలో నలుగురూ చేరేది విశ్రాంత ఉపాధ్యాయుని ఇంటి వసారాలోనే. గోడకు 32 అంగుళాల టి.వి., దాని కింద బల్లమీద నిఘంటువంత నల్లని అల్యూమినియం పెట్టె. హరికథ సాగుతుంది, పాత సినిమా నడుస్తుంది, ఆ పెట్టె మాత్రం కిక్కురుమనదు. అది ఫ్యాను లేని కంప్యూటరు. దానిని కూర్చినది పాలిటెక్నిక్ చదివిన ఆయన మనుమడు కావడం విశేషం.

మాస్టారికి డెబ్బయి అయిదేళ్ళు దాటాయి. కొన్నేళ్ళుగా వినికిడి తగ్గి చెవికి యంత్రం పెట్టుకుంటున్నారు. ఇంట్లోని పాత కంప్యూటరును టి.వి.కి తగిలించి యూట్యూబులో హరికథలు వినేవారు. అయితే వినికిడి యంత్రం మాటతోపాటు పక్కనున్న రొదనూ పెంచుతుంది. "హరికథ వింటున్నానో, వడ్లమర వింటున్నానో తెలిసేది కాదు. విసుగెత్తి టి.వి. కట్టేసి అరుగుమీద ఒంటరిగా కూర్చునేవాణ్ణి" అని మాస్టారు చెప్పారు.

టి.వి. ఆయనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టి.వి. కార్యక్రమాలు అందించిన 'సైట్' ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన బడికి ఆ టి.వి. పెట్టె వచ్చింది. దాని తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఊరంతటికీ టి.వి. చూపించిన మనిషి తన ఇంట్లో టి.వి. వినలేకపోవడం మనుమడిని కదిలించింది.

"తాతయ్యా, ఫ్యాను లేని కంప్యూటరు చేసిపెడతాను" అన్నాడు.

"ఫ్యాను లేకపోతే కాలిపోదుట్రా?" అని మాస్టారు అడిగారు.

వేడి ఎటు పోతుంది?

ప్రశ్న సబబైనదే. కంప్యూటరులో లెక్కలు కట్టే చిప్ వేడెక్కుతుంది. ఆ వేడిని బయటకు తోయడానికే ఫ్యాను. చిప్ తక్కువ కరెంటు తాగేదైతే వేడీ తక్కువే. మనుమడు ఎంచుకున్నది 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్. దాని లెక్క 6 వాట్లు. చిప్ మీద పూసిన లేపనం ద్వారా వేడి పెట్టె పైకప్పుకు చేరుతుంది. పైకప్పుకు నాగటి చాళ్ళలా గాడులుంటాయి. గాలి తగిలే చోటు పెరిగి పెట్టె తనంతట తానే చల్లారుతుంది. గిర్రున తిరిగే పాత హార్డుడిస్కు స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. వేశాడు. తిరిగేదేదీ లేదు కనుక చప్పుడు లేదు. మిరప కోతల కాలంలో దుమ్మును లోపలికి లాగే ఫ్యానూ లేదు.

మొదట్లో ఒక పొరపాటు జరిగింది. పిల్లలు ముట్టుకుంటారని పెట్టెను అలమారలో పెట్టి తలుపు వేశారు. మే నెల ఎండలకు బొమ్మ ఆగి ఆగి నడిచింది. వేడి మితిమీరితే చిప్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బయట బల్లమీద, చుట్టూ బెత్తెడు జాగా వదిలి పెట్టగానే సర్దుకుంది.

ఖర్చు ఎంత?

2024 దసరాకు ఖాళీ పెట్టె, 8 జి.బి. మెమొరీ, 256 జి.బి. ఎస్.ఎస్.డి. కలిపి సుమారు రూ. 15 వేలు అయింది. 2025 చివరి నుంచి మెమొరీ ధరలు పెరిగినందున ఇప్పుడు కొనేవారు ముందుగా రెండు మూడు చోట్ల విచారించడం మంచిది. బిగించడానికి ఒక స్క్రూడ్రైవరు, గంట సమయం చాలు. మెమొరీ ఏ రకమో పెట్టె కాగితం చూసి కొనాలి. డి.డి.ఆర్.4 పట్టే చోట డి.డి.ఆర్.5 పట్టదు.

పాత కంప్యూటరు 80 వాట్లు లాగేది. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 9.6 యూనిట్లు. కొత్తది 12 వాట్లకు మించడం లేదు. అంటే నెలకు ఒకటిన్నర యూనిట్ల లోపే.

ఇంటర్నెట్ లెక్క వేరు. స్పష్టమైన సినిమాకు సెకనుకు 5 మెగాబిట్ల వేగం కావాలి. ఆ లెక్కన గంటకు రెండుంబావు జి.బి. ఖర్చవుతుంది. సెల్‌ఫోను డేటాతో చూస్తే రోజు కోటా ఒక్క సినిమాకూ చాలదు. ఫైబరు కనెక్షన్ ఉన్నవారికే ఇది అనువు. రౌటరు నుంచి తీగ లాగితే మధ్యలో ఆగదు.

సొంత పెళ్ళి వీడియోలు, ఫొటోలు చూడడానికి 'కోడి' అనే ఉచిత ప్రోగ్రాము వేశారు. పేరు విని వీధిలోని అమ్మలక్కలు "గుడ్లు పెడుతుందా?" అని నవ్వారట. సినిమాలు అందులో ఉండవు, మనవి మనమే పెట్టుకోవాలి. కొన్ని సినిమా కంపెనీలు లినక్స్ కంప్యూటరుకు పూర్తి స్పష్టత ఇవ్వవు. డబ్బు కట్టేముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

చౌక పెట్టెలతో జాగ్రత్త

సంతలో, ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని చౌక ఆండ్రాయిడ్ పెట్టెలు దొరుకుతున్నాయి. అన్ని సినిమాలూ ఉచితమంటారు. ఇటువంటి పెట్టెలలో కొన్నిటికి తయారీలోనే 'బ్యాడ్‌బాక్స్' అనే దొంగ ప్రోగ్రాము ఎక్కించి వస్తున్నదని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. 2025 జూన్‌లో హెచ్చరించింది. మన ఇంటి కనెక్షన్‌ను మనకు తెలియకుండా దొంగపనులకు వాడుకోవడం దాని పని. బ్యాంకు లావాదేవీలు చేసే సెల్‌ఫోను కూడా అదే కనెక్షన్ మీద ఉంటుందని మరువరాదు. అంత ఖర్చు పెట్టలేనివారు పేరున్న కంపెనీ స్టిక్ కొనుక్కున్నా చప్పుడు ఉండదు.

వర్షాకాలంలో ఉరుములు మొదలైతే ప్లగ్గు, తీగ రెండూ పీకేయడం ఆ ఇంట్లో నియమం. ఆ పని మాస్టారిదే. "అప్పుడు బడి టి.వి.కి తాళం వేసేవాణ్ణి, ఇప్పుడు ప్లగ్గు పీకుతున్నాను" అని ఆయన నవ్వుతూ చెప్పారు. అరుగు మీద ఆయన ఒంటరిగా కనిపించి ఏడాది దాటిందని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు.