పిల్లికి షుగరా? పట్టు వద్దు... పద్ధతి ముద్దు!

'మనుషులకే అనుకున్నాం, పిల్లులకు కూడా షుగరా!' అని ముక్కున వేలేసుకునేవారు ఇంకా ఉన్నారు. మనిషికి వచ్చినట్టే పిల్లికీ చక్కెర వ్యాధి వస్తుందండీ. ఇంట్లో అత్తగారికో, నాన్నగారికో ఇన్సులిన్ సూది వేయడంలో చేయి తిరిగిన ఇల్లాళ్లు కూడా పిల్లికి రోజుకు రెండు సూదులంటే మాత్రం హడలిపోతారు. అత్తగారైతే చేయి చాపుతారు. పిల్లి పంజా విసురుతుంది! ఎవరు ముట్టుకున్నా ఒళ్లు విదిలించుకుని బీరువా మీదికెక్కే రకమైతే ఇక చెప్పనక్కర్లేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న మాట ఊరికే పుట్టిందా?

అలాగని 'దీనికి వైద్యం మన వల్ల కాదు' అని వదిలేస్తే అది రోజురోజుకీ చిక్కిపోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. అంతవరకూ పోనక్కర్లేదు. ముట్టనివ్వని పిల్లికి కూడా చాలావరకు ఇంట్లోనే వైద్యం సాగించవచ్చు. కిటుకల్లా ఒక్కటే. పిల్లిని గట్టిగా పట్టుకోవడం మానేసి, ఒక పద్ధతిని గట్టిగా పట్టుకోవాలి.

ఈ గుర్తులున్నాయా?

గిన్నెలో నీళ్లు ఎన్నడూ లేనంతగా తాగేస్తోందా? ఇసుక ట్రేలో తడి ముద్దలు బాగా పెరిగాయా? ఆవురావురుమని తింటున్నా ఒళ్లు తగ్గి వెన్నెముక చేతికి తగులుతోందా? వెనక కాళ్లను మడమల దాకా నేలకు ఆనించి నడుస్తోందా? ఈ చివరిది షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు కనిపించే గుర్తు. ఏడేళ్లు దాటినవి, బాగా బొద్దుగా ఉన్నవి, ఆపరేషన్ చేయించిన మగపిల్లులు, గడప దాటకుండా ఇంట్లోనే కునుకు తీసేవి, స్టెరాయిడ్ మందులు వాడినవి ఈ జబ్బుకు ఎక్కువగా లోనవుతాయి.

వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఊళ్లో పిల్లుల్ని చూసే డాక్టరు లేకపోతే దిగులుపడకండి. హైదరాబాదు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులున్నాయి.

ఒక్క అంకె చాలదు

ఆరోగ్యంగా ఉన్న పిల్లికి 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 80 నుంచి 120 మిల్లీగ్రాముల చక్కెర ఉంటుంది. కానీ బుట్టలో కుక్కి, ఆటోలో తిప్పి, బల్ల మీద అదిమిపట్టి పరీక్ష చేస్తే ఆ భయానికే అది 300 కూడా దాటిపోవచ్చు! అందుకే ముట్టనివ్వని పిల్లి విషయంలో ఒక్క రక్తపరీక్షతో నిర్ణయానికి రాకూడదు. మూత్రపరీక్షతో పాటు 'ఫ్రక్టోసమైన్' పరీక్ష కూడా చేస్తారేమో అడగండి. గడిచిన ఒకటి రెండు వారాల సగటు ఎలా ఉందో అది చెబుతుంది. ఆ రోజు పిల్లి ఎంత హడలిపోయినా ఆ ఫలితం పెద్దగా మారదు.

పాలన్నం సంగతేమిటి?

మన ఇళ్లలో పిల్లికి పెట్టేది పాలన్నం, పెరుగన్నం. పిల్లి ఒంటికి కావలసింది మాంసకృత్తులు, పిండి పదార్థం కాదు. షుగరు వచ్చిన పిల్లికి అన్నం తగ్గించి, పిండి పదార్థం తక్కువగా ఉండే తడి ఆహారం పెట్టమంటారు. ఒట్టి ఉడికించిన కోడిమాంసమే రోజూ పెడితే సరిపోదు. కాల్షియం, టారిన్ లాంటివి అందులో చాలవు. డాక్టరు సలహాతోనే తిండి ఏర్పాటు చేయండి.

ఇంకో మాట. ఇన్సులిన్ మొదలుపెట్టాక డాక్టరుకు చెప్పకుండా తిండి మార్చకండి. అన్నం మానగానే చక్కెర తగ్గుతుంది. ఇన్సులిన్ మాత్రం పాత మోతాదులోనే ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మొదట్లోనే వైద్యం అంది, తిండి కుదిరితే కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు ఇన్సులిన్ అవసరమే ఉండకపోవచ్చు. ఆలస్యం చేయవద్దనేది అందుకే.

తింటుండగానే సూది

పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటారు. మూలకు తరమడం, నలుగురు కలిసి పట్టుకోవడం అలాంటివే. తల్లిపిల్లి కూనను మెడ దగ్గర పట్టుకుని మోస్తుంది కదా అని పెద్దపిల్లిని కూడా అలా పట్టేస్తుంటారు. అది వద్దంటున్నారు నేటి నిపుణులు. పిల్లుల వైద్యుల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఆ పట్టును సిఫారసు చేయడం లేదు. దానివల్ల పిల్లికి భయం ఇంకా పెరుగుతుంది.

బదులుగా ఇలా చేసి చూడండి. రోజూ ఒకే చోట, ఒకే వేళకు తిండి గిన్నె పెట్టండి. అది తింటుండగా పక్కన కూర్చుని డొక్క మీద ఒక్కసారి వేలు ఆనించి తీసేయండి. అంతే, ఆ పూటకు చాలు. దానికి అలవాటుపడ్డాక చర్మాన్ని మెల్లగా పైకి లేపి వదలండి. ఆ తర్వాత మూత తీయని సిరంజిని ఆనించండి. ఇదంతా బెదరకుండా సాగాకే అసలు సూది. పిల్లి హుషారుగా తింటుంటే ఈ అలవాటుకు ఎన్ని రోజులు తీసుకోవచ్చో డాక్టరును అడగండి. తిండి మానేసినా, వాంతులవుతున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

సూది వేసేటప్పుడు డొక్క దగ్గర చర్మాన్ని గుడారంలా పైకి లేపి, ఆ మడతలోకి గుచ్చి, మందు నెట్టి తీసేయాలి. రోజూ ఒకేచోట కాకుండా అటూ ఇటూ మార్చండి. సూది చాలా సన్నం. తిండి మీద ధ్యాస ఉన్న పిల్లికి అది తగిలినట్టే తెలియకపోవచ్చు.

ఈ మూడు మాటలు మాత్రం గుర్తుంచుకోండి. పిల్లి తిండి ముట్టకపోతే సూది వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. మందు సగం బయటికి కారి, రోమాలు తడిసినా రెండోసారి వేయకండి. వేశామో లేదో అనుమానం వచ్చినా ఆ పూటకు వదిలేయండి. ఒక పూట తప్పితే సాధారణంగా కొంప మునగదు, రెండుసార్లు పడితేనే ప్రాణాపాయం.

ఎర్రమూతా? నారింజ మూతా?

ఇది చాలా ముఖ్యం. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్లలో కొన్ని మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, కొన్ని 100 యూనిట్లవి. పిల్లులకు ఎక్కువగా వాడే గ్లార్జిన్ 100 యూనిట్ల రకం. సిరంజిలు కూడా దేనికి దానివే. సాధారణంగా ఎర్రమూత 40 రకానిది, నారింజ మూత 100 రకానిది. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో ఒక గీత తీస్తే ఒంట్లోకి వెళ్లేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు! పిల్లులకు తరచూ ఒక్క యూనిట్‌తోనే మొదలుపెడతారు కాబట్టి ఈ తేడా తేలికగా తీసుకునేది కాదు. మూత రంగుతో సరిపెట్టుకోకుండా సీసా మీది, సిరంజి మీది అంకె చదివి చూడండి.

మందును ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టండి. ఫ్రీజరులో వద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడిన సూదుల్ని చెత్తబుట్టలో పడేయకుండా మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. చెత్త ఎత్తే అమ్మ చేతికి గుచ్చుకోకూడదు కదా!

చెవి ఇవ్వకపోతే?

ఇంట్లో చక్కెర చూడాలంటే చెవి అంచున చిన్న సూదితో గుచ్చి ఒక్క చుక్క తీస్తారు. ముందు చెవిని వేళ్ల మధ్య పెట్టి వెచ్చబరిస్తే చుక్క సులువుగా వస్తుంది. మనుషుల మీటరు పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా కాస్త తక్కువగా చూపిస్తుంది. ఎప్పుడూ ఒకే మీటరు వాడి, అది ఏ రకమో డాక్టరుకు చెప్పండి.

చెవి ముట్టనివ్వకపోతే యుద్ధం చేయకండి. కొందరు డాక్టర్లు చర్మానికి అంటించే సెన్సర్ పెడతారు. అది రోజుల తరబడి చక్కెర అంకెలు చూపిస్తుంది. అదీ కుదరకపోతే ముట్టకుండానే చూడగలిగేవి ఉన్నాయి. రోజూ గిన్నెలో కొలిచి పోసిన నీళ్లలో ఎంత మిగిలింది? ట్రేలో ఎన్ని ముద్దలు? వారానికోసారి బరువెంత? మునుపటిలా కిటికీ ఎక్కుతోందా? ఇవి నోటుపుస్తకంలో రాసి తీసుకెళితే డాక్టరుకు ఎంతో ఆసరా.

తూలుతుంటే తేనె!

ఉన్నట్టుండి పిల్లి నీరసపడినా, తూలినా, వణికినా, ఫిట్స్ వచ్చినా చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. మీటరులో 60 కంటే తక్కువ చూపించినా అంతే. మింగగలిగే స్థితిలో ఉంటే ముందు తిండి పెట్టండి. తినకపోతే తేనె గానీ, గ్లూకోజు నీళ్లు గానీ చిగుళ్లకు రాయండి. నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే దాని నోట్లో వేలు పెట్టవద్దు. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

నోటి మందు లేదా?

ఉంది. అమెరికాలో ఎఫ్.డి.ఏ. 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రను, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవాన్ని పిల్లుల కోసం అనుమతించింది. రోజుకు ఒక్కసారే. అయితే అంతకుముందు ఇన్సులిన్ వాడని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకే అవి. రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నా కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా ఉంది కాబట్టి మొదట్లో తరచూ పరీక్షలు తప్పవు. మీ పిల్లికి ఈ దారి పనికొస్తుందేమో డాక్టరునే అడగండి. తాతగారి షుగరు మాత్రను విరిచి పెట్టే ప్రయత్నం మాత్రం పొరపాటున కూడా చేయకండి.

భారమంతా మీదేనా?

పొద్దున ఏడింటికీ, రాత్రి ఏడింటికీ సూది అంటే ఆ వేళకు ఇంట్లో ఎవరుండాలి? అడగకముందే ఆ పని ఇల్లాలి నెత్తిన పడుతుంది. పెళ్లికి వెళ్లాలన్నా, పుట్టింటికి వెళ్లాలన్నా పిల్లే అడ్డం. మొదటి వారంలోనే శ్రీవారికో, కాలేజీకెళ్లే పిల్లలకో ఈ పని నేర్పండి. పిల్లికి కూడా రెండో చేయి అలవాటు కావాలి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, సూది వేసినవారు వేళ రాసి సంతకం పెట్టాలన్న నియమం పెట్టండి. ఒకరు వేసింది తెలియక ఇంకొకరు వేసే ప్రమాదం తప్పుతుంది.

కొన్ని వారాలు ఓపిక పట్టండి. గిన్నె, వేళ, చోటు మారకపోతే బీరువా ఎక్కే పిల్లి కూడా ఏడయ్యేసరికి తనంతట తానే వచ్చి గిన్నె ముందు కూర్చోవడం నేర్చుకుంటుంది.