రెండవ బటన్ చాటున మొదటిది

అమీర్‌పేట మైత్రీవనము చుట్టునుగల శిక్షణాలయములలో జావా అభ్యసించు విద్యార్థి, 1998లో జావా 1.2తో ప్రామాణికాంగమైన స్వింగ్ లైబ్రరీతో తన తొలి విండోను నిర్మించునపుడు, ‘సేవ్’, ‘క్లోజ్’ అను రెండు బటన్లను వరుసగా చేర్చినను, తెరపై రెండవది మాత్రమే విండో నిండ పరచుకొని యుండుట చూచి దిగ్భ్రాంతుడగును. అంతమాత్రమున కోడంతయు చెరిపివేయుట యెంతమాత్రము తగదు.

దోషము బటన్‌ది కాదు. స్వింగ్ విండోయగు జేఫ్రేమ్‌నకు స్వతస్సిద్ధమైన అమరిక-విధానమగు బోర్డర్‌లేఅవుట్ నాలుగు దిక్కులు, నడుమ అను ఐదు స్థానములనే యెరుగును. స్థానము చెప్పక చేర్చినదెల్ల నడుమకే పోవును, అచట కడపటిదే నిలుచును. మొదటిదానికి దక్షిణదిక్కు చూపినచో, లేదా ఫ్లోలేఅవుట్ నమర్చినచో, రెండును ప్రత్యక్షమగును. విండోయే కనబడనిచో సెట్‌విజిబుల్ పిలుపు ఉన్నదా యని చూడవలెను. విండో తెరచిన పిదప చేర్చిన అంగము కానరానిచో రీవాలిడేట్, రీపెయింట్‌లను పిలువవలెను.