నడకను కూడా సర్దుకుని వెళ్ళండి



"అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం సిస్టరమ్మా, ఆరు నెలలకు సరిపడా మందులు రాయించండి" అని అడిగే పెద్దవాళ్ళు మా ఓ.పి.లో ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నారు. కోడలి కాన్పుకని కొందరు, మనవల్ని చూసుకోవడానికని కొందరు వెళ్తారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, సున్నుండలు అన్నీ తూకం వేసి మరీ పెట్టెలో సర్దుకుంటారు. తిరిగి వచ్చాక వాళ్ళను తూకం వేయడం మా వంతు అవుతుంది.

రాజుపాలెం దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక తల్లి సంగతి చెబుతాము. వయసు అరవై దాటింది. ఒక్క మాత్రతో షుగరు అదుపులో ఉండేది. ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వచ్చేసరికి ఐదు కిలోలు పెరిగారు. మూడు నెలల సగటు షుగరు ఏడు నుంచి తొమ్మిదికి చేరింది. "స్వీట్లు బాగా తిన్నారా?" అని మేము కొంచెం గట్టిగానే అడిగాము. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఒక్క స్వీటు కూడా ముట్టలేదట. తరువాత కూర్చోబెట్టి, అక్కడ పొద్దున లేచింది మొదలు ఏం చేసేవారో అడిగాము. ఆ ప్రశ్న ముందే అడగవలసింది.

ఇక్కడ ఉన్నప్పుడు ఆమె మిరప చేనికి, గొడ్ల సావిడికి, కొట్టుకు, మందిరానికి రోజంతా నడుస్తూనే ఉంటారు. దాన్ని వ్యాయామమని ఆమె అనుకోలేదు, మేమూ లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ కొడుకు, కోడలు ఎనిమిదింటికి ఉద్యోగాలకు వెళ్ళిపోతే చలికి తలుపు తీయలేరు. తీసినా ఇంగ్లీషు రాదు, ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, దారి తప్పుతామని భయం. ఇక సోఫా, టీవీ, ఫోను. తోచక నాలుగు కారప్పూస నోట్లో వేసుకోవడం. రాత్రి తొమ్మిదికి అందరితో కలిసి వేడన్నం, ఆ వెంటనే పడక.

దీనికి తోడు మన శరీరతత్వం ఒకటి ఉంది. అమెరికాలో 2010లో మొదలైన 'మసాలా' అనే అధ్యయనంలో (పేరు మనవాళ్ళకు బాగానే కుదిరింది) శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లో ఉంటున్న 906 మంది దక్షిణాసియా వాళ్ళను పరీక్షించారు. అక్కడి తెల్లవాళ్ళ కంటే, చైనా సంతతి వాళ్ళ కంటే మనవాళ్ళలో షుగరు ఎక్కువగా కనబడింది. మనిషి సన్నగా కనిపించినా పొట్టలో, కాలేయంలో కొవ్వు చేరుతుంది. అందుకే ఆసియా వాళ్ళు బి.ఎం.ఐ. 23 దగ్గరే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో చెప్పారు. అంటే ఐదడుగుల స్త్రీకి సుమారు 53 కిలోలు. ఈ అంకె చెబితే మా ఓ.పి.లో చాలామంది నవ్వేస్తారు.

తిండి విషయంలో పల్నాడు పెద్దలకు కొత్తగా నేర్పేది పెద్దగా లేదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదలక ముందు మన ఇళ్ళలో జొన్న సంకటి, సజ్జ రొట్టె మామూలు భోజనమే. ఆ జొన్నపిండి, రాగిపిండి అమెరికాలోని ఇండియన్ షాపుల్లోనూ దొరుకుతాయి. తెమ్మని కోడలిని అడగడానికి మొహమాటపడకండి. అన్నం మానేయమని మేము అనడం లేదు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు భాగం పప్పు, గుడ్డు, చేప లాంటివి, మిగిలిన పావు అన్నం గానీ రొట్టె గానీ. పళ్ళ రసం డబ్బాలు వద్దు, పండే తినండి. డబ్బాల మీద సోడియం ఎంత ఉందో రాసి ఉంటుంది, మనవడి చేత చదివించుకోండి. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు మించకూడదు. అది 5 గ్రాముల ఉప్పుతో సమానం, అంటే ఒక టీ చెంచాడు. మోసుకెళ్ళిన ఆవకాయను కూడా ఇందులోనే లెక్క వేసుకోవాలి. ఈ మాట మాకూ కష్టంగానే ఉంది.

నడక వారానికి 150 నిమిషాలైనా ఉండాలి. ఒకేసారి అక్కరలేదు. మూడు పూటలా తిన్న తరువాత పది నిమిషాలు హాల్లోనే అటూ ఇటూ తిరిగినా షుగరు దిగుతుంది. మంచు గడ్డకట్టిన రోజున మాత్రం బయట అడుగు పెట్టకండి, జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. అక్కడ చాలా షాపింగ్ మాల్స్‌లో దుకాణాలు తెరవక ముందే నడిచేవాళ్ళను లోపలికి రానిస్తారు. సెలవు రోజున పిల్లలు ఒకసారి తీసుకెళ్ళి చూపించాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం మేము ఓ.పి.లోనే నేర్పి పంపుతున్నాము. చైనా నుంచి వలస వచ్చిన పెద్దలు పార్కుల్లో గుంపుగా నిలబడి మెల్లగా చేతులు కదుపుతూ తాయ్ చీ చేస్తుంటారు. పడిపోకుండా నిలదొక్కుకునే శక్తికి అది మంచిది. వాళ్ళ వెనుక నిలబడి చేయడానికి ఇంగ్లీషుతో పనిలేదు. ఇన్సులిన్ తీసుకునేవారు నడక పెంచే ముందు డాక్టరుగారిని అడగాలి.

ఈ పత్రికను విదేశాల్లోని పిల్లలకు ఫోటో తీసి పంపే కుటుంబాలు ఉన్నాయి కనుక వారికీ ఒక మాట. అమ్మను ఇంట్లో కూర్చోబెట్టి అన్నీ అందించడమే ప్రేమ అనుకోకండి. స్కూలు బస్సు దాకా మనవడిని తీసుకెళ్ళే పని ఆమెకు ఇవ్వండి. ఆ దారిని రెండు మూడుసార్లు కలిసి నడిచి చూపించండి. చీర మీదకు సరిపోయే వెచ్చని కోటు, జారని బూట్లు కొనిపెట్టండి. రాత్రి భోజనానికి మీ కోసం తొమ్మిదింటి దాకా ఆగవద్దని మీరే చెప్పండి, తనంతట తాను ఆమె తినరు.

పైన చెప్పిన తల్లి మళ్ళీ కొడుకు దగ్గరికి వెళ్ళారు. వెళ్ళే ముందు నరసరావుపేటలో నడక బూట్లు కొనుక్కుని, చీర మీద బాగోలేదని సిగ్గుపడుతూనే మాకు చూపించారు. మొన్న వాట్సాప్‌లో మాట్లాడితే మనవడితో బస్సు దాకా వెళ్ళి వస్తున్నానన్నారు. సంక్రాంతికి తిరిగి వస్తారు. వచ్చిన వారంలోపు షుగరు పరీక్షకు రమ్మని చెప్పాము.