క్యాంపర్ బండిలో లద్దాఖ్ టూర్‌కు ప్లాన్ చేస్తున్నారా.. వెనక పరుపు వేసే ముందు ఈ లెక్కలు చూసుకోండి!

యాసంగి వడ్లు కాంటా అయిపోయాయి.. చేతిలో నాలుగు పైసలు ఆడుతున్నాయి.. వానాకాలం పనులకు ఇంకా టైమ్ ఉంది. ఇంటి ముందు క్యాంపర్ బండి ఉండనే ఉంది. వెనక ఒక డబ్బా కట్టించి, పరుపులేసుకుని లద్దాఖ్ దాకా పోయొస్తే ఎట్లుంటది? జనగామ జిల్లా తరిగొప్పుల లాంటి మండలాల్లోనూ ఇప్పుడు ఈ ముచ్చట వినిపిస్తోంది. ఫోన్‌లో చూసే వీడియోల్లో మంచు కొండలు, బండి వెనకాలే వంట, బండిలోనే నిద్ర.. అంతా బాగానే కనిపిస్తుంది. కానీ ఆర్సీలో ఏం రాసుంది, బండి ఎంత బరువు మోస్తుంది, లోపలికి గాలి ఎట్లా వస్తుంది అన్నవి మాత్రం ఆ వీడియోల్లో పెద్దగా కనిపించవు. నిజానికి టూర్ సాఫీగా సాగాలన్నా, ప్రాణాలతో తిరిగి రావాలన్నా ఈ మూడే కీలకం. అవేంటో వివరంగా చూద్దాం..

క్యాంపర్ అంటే ఏంటి?

మన దగ్గర క్యాంపర్ అనగానే గుర్తొచ్చేది బొలెరో క్యాంపర్. ముందు రెండు వరుసల సీట్లు, వెనక సామాను ట్రాలీ. అమెరికా, కెనడాల్లో మాత్రం ట్రక్ క్యాంపర్ అంటే వేరు. పికప్ ట్రాలీలో ఎక్కించి దించుకునే చిన్న గది అది. అందులోనే మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉంటాయి. 1942లో వేసిన అలస్కా హైవే మీద ఉత్తరం వైపు వెళ్లేవాళ్లు ఇలాంటి బండ్లు ఎక్కువగా వాడతారు. మనకు ఆ ఉత్తరం అంటే లద్దాఖ్. తరిగొప్పుల నుంచి వెళ్లే దారిని బట్టి లేహ్‌కు సుమారు 2,500 నుంచి 2,800 కిలోమీటర్లు. మన ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తులో ఉంటే, లేహ్ ఏకంగా 3,500 మీటర్ల ఎత్తులో ఉంది.

ముందు ఆర్సీ తీసి చదవండి

వెల్డింగ్ షాపుకు వెళ్లే ముందు చేయాల్సిన పని ఇదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణల్లో జరిమానా కూడా పెరిగింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల ఫైన్, లేదంటే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

నిద్రపోయే సౌకర్యంతో తయారయ్యే బండ్లకు మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొందినవే అసలైన క్యారవాన్‌లు. కేరళ ప్రభుత్వం 2021లో ప్రకటించిన క్యారవాన్ టూరిజం ప్రాజెక్టు కూడా ఇలాంటి బండ్ల కోసమే. కాబట్టి ఛాసిస్‌కు వెల్డింగ్ చేసి, పర్మనెంట్‌గా రేకుల గది కట్టించే ఆలోచన ఉంటే పక్కన పెట్టేయండి. దాని బదులు సామాను లాగా ఎక్కించి, దించేసే మంచం, పెట్టెలు, టార్పాలిన్ కప్పు పెట్టుకోవడం మేలు. అది కూడా ట్రాలీ కొలతలు దాటి బయటకు రాకూడదు. ఏ చిన్న డౌట్ ఉన్నా జనగామలోని రవాణా శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే పని మొదలుపెట్టండి.

బండి కదిలిందంటే వెనక ఎవరూ ఉండొద్దు

ఇది అన్నింటికంటే ముఖ్యం. జాతరలకు, పెళ్లిళ్లకు ట్రాలీల్లో, డీసీఎంలలో ఎక్కి పోవడం మనకు అలవాటు. ఆ అలవాటుతోనే "పిల్లలు వెనక పరుపు మీద పడుకుంటరు లే" అనుకుంటాం. కానీ గూడ్స్ బండిలో ఎక్కిన ప్రయాణికులకు ఏదైనా జరిగితే బీమా కంపెనీకి బాధ్యత ఉండదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చి చెప్పింది. సామాను యజమాని, ఆయన తరఫు మనిషి అయితే వేరే సంగతి. టూర్‌కు వచ్చిన చుట్టాలు, దోస్తులు ఆ లెక్కలోకి రారు. అంటే జరగరానిది జరిగితే నష్టపరిహారం మొత్తం బండి ఓనర్ మెడకే చుట్టుకునే ప్రమాదం ఉంది. ఉన్న రెండెకరాలూ అమ్ముకోవాల్సి రావచ్చు.

మరో విషయం. మీది పసుపు నంబర్ ప్లేట్ గూడ్స్ బండి అయితే, ముందు క్యాబిన్‌లో కూర్చునే కుటుంబ సభ్యులకైనా బీమా వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చూసుకోండి. లేకపోతే అదనపు ప్రీమియంతో కవర్ తీసుకునే వీలుందా అని ఏజెంట్‌ను అడగండి. నోటి మాట నమ్మొద్దు, పాలసీలో రాయించుకోండి. ఫ్యామిలీతో వెళ్లాలనుకుంటే, ఆ ఖర్చులో కారు ప్లస్ టెంట్ ఎంచుకోవడం చాలాసార్లు సేఫ్.

మొత్తంగా రూల్ ఒక్కటే.. వెనక పడక బండి ఆగినప్పుడు పడుకోవడానికే. బండి నడుస్తున్నప్పుడు అందరూ క్యాబిన్‌లో, సీటు బెల్టు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

బరువు లెక్క ఇలా వేయండి

ఆర్సీలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది లోడుతో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు. ఈ రెండింటి మధ్య తేడానే మీరు మోయగలిగింది. అందులో మనుషులు కూడా లెక్కే.

ఒక ఉదాహరణ చూద్దాం. నలుగురు మనుషులు 280 కిలోలు. 100 లీటర్ల నీళ్లు 100 కిలోలు. మంచాలు, పెట్టెలు, కప్పు కలిపి 200 కిలోలు. పరుపులు, దుప్పట్లు 40. బ్యాటరీ, ఇన్వర్టర్ 40. పొయ్యి, చిన్న సిలిండర్ 15. బియ్యం, పప్పులు, గిన్నెలు 50. బట్టలు 60. జాకీ, టూల్స్ 40. మొత్తం 825 కిలోలు. ఇక చెక్క బదులు ఇనుప యాంగిళ్లు, మందపాటి రేకు వాడితే ఆ 200 కాస్తా 400 అవుతుంది. అంటే లెక్క టన్ను దాటిపోతుంది.

బయల్దేరే ముందు మొత్తం సామాను, మనుషులతో సహా బండిని రైస్ మిల్లు దగ్గరో, జిన్నింగ్ మిల్లు దగ్గరో వే బ్రిడ్జి మీద తూకం వేయించండి. బరువైన నీళ్ల ట్యాంకు, బ్యాటరీ కింద, క్యాబిన్‌కు దగ్గరగా ఉండాలి. బరువు పైకి పోయే కొద్దీ ఘాట్ మలుపుల్లో బండి పక్కకు ఒరుగుతుంది.

కరెంట్ ఎంత కావాలి?

12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు. మామూలు బ్యాటరీ అయితే అందులో సగమే, అంటే 600 దాకా వాడుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం ఉంటుంది. 25 వాట్ల ఫ్యాన్ 8 గంటలు తిరిగితే 200. 10 వాట్ల లైట్లు 4 గంటలు వెలిగితే 40. నాలుగు ఫోన్ల ఛార్జింగ్‌కు 60. అంతా కలిపి 300. హాయిగా సరిపోతుంది. అదే 1,500 వాట్ల ఇండక్షన్ స్టవ్ అరగంట వాడితే 750 వాట్ అవర్లు అవుట్. అందుకే వంటకు కరెంట్ నమ్ముకోవద్దు. లిథియం బ్యాటరీ పెట్టుకునేవాళ్లు మరో విషయం గుర్తుంచుకోవాలి. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో దాన్ని ఛార్జ్ చేస్తే పాడవుతుంది.

గ్యాస్, కుంపటి.. ప్రాణాలు పోయేది ఇక్కడే

2023 ఆగస్టు 26న తమిళనాడులోని మధురై రైల్వే స్టేషన్ దగ్గర ఆగి ఉన్న ఒక టూరిస్ట్ బోగీలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు. లక్నో నుంచి వచ్చిన యాత్రికులు వాళ్లు. రూల్స్‌కు విరుద్ధంగా బోగీలోకి తెచ్చిన గ్యాస్ సిలిండరే కారణమని రైల్వే శాఖ చెప్పింది. అంతకుముందు 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో మరో విషాదం జరిగింది. చలి తట్టుకోలేక కేరళకు చెందిన 8 మంది టూరిస్టులు రిసార్ట్ గదిలో తలుపులు, కిటికీలు మూసుకుని గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ఎవరూ లేవలేదు.

ఇరుకు చోట మంట మండితే ఆక్సిజన్ తగ్గి, కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మత్తులా మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి బండి లోపల కుంపటి, హీటర్, పొయ్యి ఏదీ వద్దు. వంట బండి బయటే చేయాలి. ఇంజిన్ ఆన్ చేసి పెట్టి నిద్రపోవద్దు. ఎంత చలి ఉన్నా ఎదురెదురుగా రెండు వైపులా బెత్తెడు సందు తెరిచి ఉంచాలి. చలిని ఆపాల్సింది మందపాటి రగ్గులు, స్లీపింగ్ బ్యాగులే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనుక్కుని పడక దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది.

వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, అడుగున పేరుకుంటుంది. అందుకే సిలిండర్‌ను పడుకునే చోటు నుంచి వేరుగా, అడుగున గాలి ఆడే రంధ్రాలున్న చోట, నిలబెట్టి కట్టాలి. ఇంకో సమస్య కూడా ఉంది. మన వంట గ్యాస్‌లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ఆవిరి కావడం మానేస్తుంది. సిలిండర్ నిండుగా ఉన్నా మంట మాత్రం సన్నగా వస్తుంది. అలాగని సిలిండర్‌ను మంటతో వేడి చేయడం లాంటి పిచ్చి పనులు అస్సలు చేయొద్దు. కప్పు లోపల థర్మాకోల్ అతికించడం కూడా ప్రమాదమే, ఇట్టే అంటుకుంటుంది.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నారా?

మన దగ్గర చాలా బండ్లలో జరిగేది ఇదే. ఆ నీళ్లలోని ఉప్పు లోపల పేరుకుంటుంది. దాంతో ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. పైగా మంచు ప్రాంతంలో రాత్రికి రాత్రే నీళ్లు గడ్డకట్టి రేడియేటర్ పగిలే ఛాన్స్ ఉంది. పాత నీళ్లన్నీ తీసేసి, మంచి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మార్చి రెండేళ్లు దాటితే కొత్తది పోయించాల్సిందే. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు అలాగే పెట్టి ఉంచితే వేడెక్కి బ్రేకులు పట్టవు. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ దాదాపు అదే గేరులో ఇంజిన్ బలంతో దిగాలి. న్యూట్రల్ మాట ఎత్తొద్దు. టైరు పక్కన నాలుగు అంకెల నంబర్ ఉంటుంది. 2223 అని ఉంటే 2023లో 22వ వారంలో తయారైందని అర్థం. పాతబడి పగుళ్లు వచ్చిన టైర్లతో ఈ దారిలో వెళ్లొద్దు.

5 వేల మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. ఇంజిన్ పికప్ తగ్గుతుంది. లోడు ఎక్కువైన బండి అక్కడే మొండికేస్తుంది. ఇక చలికాలంలో వెళ్లేవాళ్లకు డీజిల్ గడ్డకట్టే బెడద కూడా ఉంటుంది. అందుకే 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల వరకు పారే ప్రత్యేక డీజిల్ తెచ్చింది.

ఏ దారిలో, ఎప్పుడు?

జనగామ, చేర్యాల, సిద్దిపేట, రామాయంపేట మీదుగా ఎన్‌హెచ్-44 ఎక్కితే నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ దాటి శ్రీనగర్ వరకు ఒకటే రోడ్డు. రోజుకు 400 కిలోమీటర్ల చొప్పున, రాత్రి డ్రైవింగ్ లేకుండా వెళ్తే పోయేందుకే వారం పడుతుంది. మొత్తం టూర్‌కు 20 రోజులు పెట్టుకోవాలి. మే నెలలో నాగ్‌పూర్ ఎండకు వెనక డబ్బా పొయ్యిలా మండుతుంది.. వారం తిరిగేసరికి మంచు. రెండింటికీ సిద్ధంగా ఉండాలి. జులై, ఆగస్టుల్లో హిమాచల్ వైపు కొండచరియలు విరిగిపడుతుంటాయి కాబట్టి, రోడ్లు తెరిచారని చూసుకుని మే నెలాఖరు, జూన్ మొదట్లో వెళ్లొస్తే మన వానాకాలం సాగుకూ ఇబ్బంది ఉండదు.

వెళ్లేటప్పుడు శ్రీనగర్ దారి, వచ్చేటప్పుడు మనాలి దారి ఎంచుకోండి. దీనికి కారణం ఉంది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తు, మధ్యలో రాత్రి ఆగే కార్గిల్ సుమారు 2,700, ఆ తర్వాత లేహ్. శరీరానికి మెల్లగా అలవాటు అవుతుంది. మనాలి వైపు నుంచి ఎక్కితే సర్చు దగ్గరే దాదాపు 4,300 మీటర్లు. బండిలో పడక ఉంది కదా అని ఎక్కడ చీకటి పడితే అక్కడ పడుకుంటే, అంత ఎత్తులో తలనొప్పి, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. అవి ముదిరితే మందులతో సరిపెట్టుకోకుండా వెంటనే కిందికి దిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. లేహ్ చేరాక కూడా రెండు రోజులు పూర్తిగా రెస్ట్ తీసుకోవాలి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌ను కలవాలి.

తిరుగు ప్రయాణంలో లేహ్‌లోనే ట్యాంక్ ఫుల్ చేయించండి. మనాలి వైపు తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరించే బోర్డు చాలా ఫేమస్. దీన్నిబట్టే ఆ దారి ఎంత ఖాళీగా ఉంటుందో అర్థం చేసుకోవచ్చు.

ఇవి మర్చిపోవద్దు

జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పని చేయవు. కనీసం ఒక పోస్ట్‌పెయిడ్ నంబర్ ఉండాలి. ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. గూడ్స్‌గా రిజిస్టర్ అయిన బండికి రాదు కాబట్టి టోల్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఢిల్లీ పరిసరాల్లో పాత డీజిల్ బండ్లపై ఆంక్షలు మారుతూ ఉంటాయి. బయల్దేరే ముందు తాజా రూల్స్ చూసుకోండి. హైవే మీద బండి ఆగిపోతే 1033, ఏ ఎమర్జెన్సీ అయినా 112.

చివరగా ఒక ట్రయల్. మొత్తం లోడుతో కొమురవెల్లికో, మేడారానికో వెళ్లి, అక్కడ ఒక రాత్రి బండిలోనే వంట, నిద్ర కానిచ్చి చూడండి. ఏ నట్టు ఊగుతోంది, ఏ సామాను అక్కర్లేదు, లోపల గాలి ఆడుతోందా.. అన్నీ ఒక్క రాత్రిలో తెలిసిపోతాయి. ఇంటికి దగ్గర్లో బయటపడ్డ లోపాన్ని మన మెకానిక్ గంటలో సరిచేస్తాడు. అదే లోపం మంచు కొండల మధ్య బయటపడితే సాయం వచ్చేదాకా చలిలో ఎదురుచూడాల్సిందే.